కింద దీర్ఘచతురస్రం, పైకి సన్నబడింది... అయినా పిరమిడ్ కాదంటే పాప ఒప్పుకోవడం లేదు

పాపాయి వాళ్లమ్మ (కాకినాడ):

అందరికీ నమస్కారం. మా పాప ఎనిమిదో తరగతి. మొన్న స్లిప్ టెస్టులో కొన్ని త్రిమితీయ ఆకారాల బొమ్మలిచ్చి, ఏది పట్టకం (ప్రిజం), ఏది పిరమిడ్ రాయమన్నారు. టెంటు ఆకారం దగ్గర పాప పిరమిడ్ అని రాసింది, మార్కు పోయింది. మార్కు సంగతి అలా ఉంచండి. దాని వాదన వింటే నాకు ఏం చెప్పాలో తోచలేదు. "కింద దీర్ఘచతురస్రం ఉంది. పైకి పోయేకొద్దీ సన్నబడుతోంది. ముందు నుంచి చూస్తే త్రిభుజం. ఈజిప్టు పిరమిడ్ కూడా ఇంతేగా? అది పిరమిడ్ అయితే ఇదెందుకు కాదు?" అంటోంది.

పుస్తకంలో ఉన్న నిర్వచనం చదివించాను. "రెండు సర్వసమాన, సమాంతర బహుభుజులు భూములుగా, మిగతా ముఖాలు సమాంతర చతుర్భుజాలుగా ఉన్నది పట్టకం." గడగడా అప్పజెప్పేస్తుంది, కానీ బొమ్మ చూపిస్తే మళ్లీ అదే మాట. దానికి చేత్తో పట్టుకుని చూస్తే గానీ ఏదీ ఎక్కదు. ఇంట్లో ఉన్న వస్తువులతో చూపించగలిగే పద్ధతి ఏదైనా ఉంటే చెప్పండి. ఇంకో సందేహం కూడా అడిగింది. సిలిండర్‌కి పైనా కిందా ఒకేలాంటి వృత్తాలుంటాయి కదా, అదీ పట్టకమేనా?

బీఎస్సీ కుర్రాడు (వరంగల్):

అక్కా, లెక్కపెట్టించండి, తేలిగ్గా తేలిపోతుంది. భూమికి (బేస్‌కి) ఎన్ని భుజాలుంటే, పట్టకానికి శీర్షాలు (మూలలు) దానికి రెట్టింపు, అంచులు మూడు రెట్లు, ముఖాలు భుజాల సంఖ్య కంటే రెండు ఎక్కువ. పిరమిడ్‌కి శీర్షాలూ ముఖాలూ భుజాల సంఖ్య కంటే ఒకటి ఎక్కువ, అంచులు రెట్టింపు.

టెంటుకి 5 ముఖాలు, 6 శీర్షాలు, 9 అంచులు. కాబట్టి త్రిభుజ పట్టకం. ఈజిప్టు పిరమిడ్‌కి 5 ముఖాలు, 5 శీర్షాలు, 8 అంచులు. రెండింటికీ ముఖాలు ఐదేసి ఉన్నాయని గమనించండి. పిల్లలు ముఖాలు మాత్రమే లెక్కపెట్టి ఆగిపోతే రెండూ ఒకటే అనిపిస్తాయి. శీర్షాలు లెక్కపెట్టమనండి. పిరమిడ్‌లో ముఖాలూ శీర్షాలూ ఎప్పుడూ సమానమే, పట్టకంలో ఎప్పుడూ సమానం కావు. లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఆయిలర్ సూత్రం ఉండనే ఉంది: ముఖాలు, శీర్షాలు కలిపితే అంచుల కంటే రెండు ఎక్కువ రావాలి.

లెక్కల టీచరమ్మ (శ్రీకాకుళం జిల్లా):

అమ్మా, మీ పాప చూసినవన్నీ నిజాలే. కింద దీర్ఘచతురస్రం ఉంది, పైకి సన్నబడుతోంది, ముందు నుంచి త్రిభుజం కనిపిస్తోంది. అంత శ్రద్ధగా చూసే పిల్ల దొరికితే ఏ టీచరుకైనా సంతోషమే. దానికి "నువ్వు చూసింది తప్పు" అని మాత్రం చెప్పకండి. చూసిన మూడూ నిజమే, కానీ ఆ మూడూ కలిసినా పిరమిడ్ అని తేల్చలేవు అని చెప్పండి.

హైస్కూల్లో ఏళ్ల తరబడి ఈ పాఠం చెబుతున్నాను. పిల్లలు తడబడేది దాదాపు ఎప్పుడూ ఒక్క చోటే. భూమి అంటే నేలకు ఆనిన ముఖం అనుకుంటారు. పుస్తకంలో పట్టకం నిలబెట్టి ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. దాన్ని పక్కకి పడుకోబెట్టి టెంటులా గీశారంటే, నేలకు ఆనిన దీర్ఘచతురస్రాన్ని భూమి అనేసుకుంటారు. వస్తువు ఎలా కూర్చుందన్నది మన ఇష్టం. రేపు ఎవరో కాలితో తన్ని దొర్లిస్తే దాని జాతి మారిపోదు కదా. టెంటుకి భూములు ముందూ వెనకా ఉన్న రెండు త్రిభుజాలు. టెంటుని ఎత్తి ముందువైపు త్రిభుజం నేలకు ఆనేలా నిలబెట్టించండి. అప్పుడు పాపకి కిందొక త్రిభుజం, పైనొక త్రిభుజం, చుట్టూ మూడు గోడలు కనిపిస్తాయి.

చేత్తో పట్టుకునేది కావాలన్నారు కదా. బట్టల సబ్బు బిళ్ల ఒకటి తీసుకోండి. కొత్తదైతే మంచిది, అంచులు అరిగిపోయి ఉండవు. అది దీర్ఘఘనం, అంటే అదీ ఒక పట్టకమే. పైముఖం మీద ఒక మూల నుంచి ఎదురుమూలకి పెన్నుతో గీత గీసి, ఆ గీత వెంబడి కత్తి నిటారుగా దించండి. గట్టి దారంతో కోస్తే ఇంకా శుభ్రంగా తెగుతుంది. రెండు ముక్కలొస్తాయి. రెండూ త్రిభుజ పట్టకాలే. ఒక ముక్కని పొడవాటి ముఖం మీద పడుకోబెట్టండి, పాప టెంటు వచ్చేసింది.

ఇప్పుడు ఆ టెంటుని త్రిభుజం ఉన్న వైపు నుంచి బ్రెడ్డు కోసినట్టు పలచగా కోయించండి. ప్రతి బిళ్లా అదే త్రిభుజం. మొదటిదీ చివరిదీ ఒకదాని మీద ఒకటి పెడితే సరిగ్గా కప్పేస్తాయి. ఒక బంగాళాదుంపతో చతురస్ర పిరమిడ్ చెక్కి, అడుగుకి సమాంతరంగా అలాగే కోయించండి. ప్రతి బిళ్లా చతురస్రమే, కానీ ఒకదాని కంటే ఒకటి చిన్నది. సగం ఎత్తులో తెగిన చతురస్రం భుజం అడుగు భుజంలో సగం, వైశాల్యం మాత్రం నాలుగో వంతు. ఆఖరికి ఒక చుక్క దగ్గర అయిపోతుంది. నేను పిల్లలకి చెప్పే పరీక్ష ఇదొక్కటే. ఏదో ఒక వైపు నుంచి కోస్తే, మొదటి నుంచి చివరి దాకా అదే ఆకారం అదే కొలతతో వస్తే పట్టకం. అదే ఆకారం క్రమంగా తగ్గుతూ ఒక బిందువులో ముగిస్తే పిరమిడ్.

మీ పాప "టెంటు కూడా సన్నబడుతోందిగా" అంటుంది, అనాలి కూడా. అప్పుడు టెంటుని అడుగు దీర్ఘచతురస్రానికి సమాంతరంగా కోసి చూపించండి. వెడల్పు తగ్గుతుంది, పొడవు తగ్గదు. ఆఖరికి చుక్క మిగలదు, ఒక గీత మిగులుతుంది. టెంటు పైన ఉన్నది ఒక అంచు, దానికి రెండు కొసలు. పిరమిడ్‌లో పక్కనున్న త్రిభుజాలన్నీ ఒకే బిందువు దగ్గర కలవాలి. టెంటులో రెండు త్రిభుజాలు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి, ఎక్కడా కలవవు.

రెండో పని. పెద్ద కాబూలీ శనగలు రాత్రి నానబెట్టండి, ఒక డబ్బా టూత్‌పిక్‌లు తెండి. శనగ శీర్షం, పుల్ల అంచు. త్రిభుజ పట్టకానికి 6 శనగలు, 9 పుల్లలు. చతురస్ర పిరమిడ్‌కి 5 శనగలు, 8 పుల్లలు. త్రిభుజ పిరమిడ్‌కి 4 శనగలు, 6 పుల్లలు. పైన తమ్ముడు చెప్పిన లెక్క ఇలా చేత్తో చేస్తే మర్చిపోమన్నా మర్చిపోరు. శనగలు ఎండేకొద్దీ పుల్లల్ని బిగించి పట్టుకుంటాయి, మర్నాటికి గట్టిపడతాయి. బిగుసుకోకముందే ఒక చిన్న పని చేయించండి. త్రిభుజ పిరమిడ్‌ని వేలితో నొక్కితే కదలదు. పట్టకాన్ని నొక్కితే పక్కకి ఒరుగుతుంది, దాని నలుచదరపు గోడలు వాలిపోయి సమాంతర చతుర్భుజాలవుతాయి. అలా ఒరిగినదీ పట్టకమే! పైత్రిభుజం కింది త్రిభుజానికి సమాంతరంగానే ఉంది, కొలత మారలేదు. నిర్వచనంలో "దీర్ఘచతురస్రాలు" అనకుండా "సమాంతర చతుర్భుజాలు" అని ఎందుకు రాశారో పాప వేలికే తెలుస్తుంది.

సిలిండర్ విషయం. మన బడి పుస్తకాల ప్రకారం పట్టకానికి భూమి బహుభుజి కావాలి, అంటే తిన్నని భుజాలుండాలి. వృత్తానికి అవి లేవు కాబట్టి సిలిండర్ పట్టకం కాదు, శంకువు (కోన్) పిరమిడ్ కాదు. అయితే పాప పట్టుకున్న పోలిక వట్టిది కాదు. కోసి చూసే పరీక్షలో సిలిండర్ పట్టకంలాగే ప్రవర్తిస్తుంది, శంకువు పిరమిడ్‌లాగే. ఘనపరిమాణం సూత్రాలు కూడా జంటలుగానే నడుస్తాయి. పై తరగతుల్లో ఇది దానికి బాగా పనికొస్తుంది, మెచ్చుకోండి.

కోనసీమ వాసి:

టీచరుగారి సబ్బు ముక్క బాగుంది. లెక్కపెట్టే పద్ధతి గురించి నాదో మాట. మా నాన్నగారు పెంకుటిళ్ల పైకప్పులు కట్టేవారు, చిన్నప్పుడు ఆయన వెంట తిరిగాను.

పెంకుటిళ్లలో రెండు వాలుల కప్పు ఉంటుంది, నాలుగు వాలుల కప్పు ఉంటుంది. రెండు వాలులదైతే రెండు చివర్లా త్రిభుజాకారపు గోడ నిటారుగా లేస్తుంది, మధ్యలో వాలులు రెండూ కలిసే పై అంచు, అంటే కొప్పు, ఈ చివర నుంచి ఆ చివరకి ఉంటుంది. అది అచ్చమైన త్రిభుజ పట్టకం, పాపగారి టెంటే. నాలుగు వాలులదైతే చివర్లలో గోడ ఉండదు, అక్కడ కూడా పెంకు వాలుగా దిగుతుంది. అందుకని కొప్పు ఇంటి పొడవు కంటే పొట్టిగా ఉంటుంది. ఆ కప్పుకి చివర్లలో రెండు త్రిభుజాలు, పొడవు వైపుల రెండు సమలంబ చతుర్భుజాలు (ట్రెపీజియంలు), అడుగున దీర్ఘచతురస్రం.

లెక్కపెట్టండి. ముఖాలు 5, శీర్షాలు 6, అంచులు 9. త్రిభుజ పట్టకం లెక్కే! కానీ అది పట్టకం కాదు. చివరి త్రిభుజాలు రెండూ లోపలికి వాలి ఉన్నాయి, సమాంతరంగా లేవు. పక్కన ఉన్నవి సమాంతర చతుర్భుజాలు కావు. అలాగని పిరమిడ్డా? పైన కొప్పు ఉంది, చుక్క కాదు. రెండూ కాదు. ఇల్లు చతురస్రంగా ఉండి నాలుగు వాలులూ ఒకే దగ్గర కలిసేలా కడితే కొప్పు కాస్తా బిందువై పోయి అది పిరమిడ్ అవుతుంది, చిన్న మండపాల మీద అలా కడతారు.

పెంకు నేసేవాళ్లకి ఈ తేడా డబ్బుతో ముడిపడి ఉంటుంది. ఒకే కొలతల గది మీద రెండు వాలులైతే కొప్పు పెంకులు ఒక వరస చాలు. నాలుగు వాలులైతే కొప్పు నుంచి నాలుగు మూలలకీ దిగే ఏటవాలు అంచులన్నిటి మీదా కొప్పు పెంకులు కావాలి, అక్కడ ప్రతి మామూలు పెంకునీ అడ్డంగా నరకాలి. పనివాడు ముందు అంచులు చూస్తాడు, తర్వాతే ముఖాలు.

లెక్కల టీచరమ్మ:

కోనసీమవారూ, ఈ ఉదాహరణ రేపే క్లాసులో చెబుతాను. లెక్క అనేది "ఇది కాదు" అని తేల్చడానికి పనికొస్తుంది. ముఖాలూ శీర్షాలూ సమానంగా లేకపోతే అది పిరమిడ్ కాదు, సందేహం లేదు. "ఇది అవును" అని చెప్పాలంటే మాత్రం ఆకారాన్నే చూడాలి. పిరమిడ్ పైభాగం అడుగుకి సమాంతరంగా కోసేస్తే మిగిలే మొండెం కూడా ఇదే కోవలోది. చతురస్ర పిరమిడ్ మొండేనికి 6 ముఖాలు, 8 శీర్షాలు, 12 అంచులు. ఘనానికీ అంతే. గుడి గోపురం పిరమిడ్ అని చాలామంది రాస్తారు గానీ, దాని అంతస్తులు పైకి సన్నబడుతూ పోయి చుక్క దగ్గర ముగియవు. పైన పొడవాటి శాల ఆకారపు శిఖరం, దాని మీద వరసగా కలశాలు. గోపురం ఈ మొండెం జాతికి దగ్గర.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. మీ పాప అప్పజెప్పే నిర్వచనం దాదాపు ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రాసినదే. ఆయన 'ఎలిమెంట్స్' గ్రంథంలో పదకొండో భాగంలో ఉంది: ఎదురెదురు తలాలు రెండు సమానంగా, సమాంతరంగా ఉండి, మిగతావన్నీ సమాంతర చతుర్భుజాలైతే పట్టకం. అక్షరాలా తీసుకుంటే ఈ నిర్వచనంలోకి పట్టకం కానిది కూడా దూరిపోతుంది. పన్నెండు రాంబస్‌లతో (నాలుగు భుజాలూ సమానమైన సమాంతర చతుర్భుజాలతో) ఏర్పడే ఒక బహుముఖి ఉంది, గార్నెట్ రాయి స్ఫటికాలు తరచూ ఆ రూపంలో దొరుకుతాయి. అందులో ప్రతి ముఖానికీ ఎదురుగా దానికి సమాంతరమైన, సర్వసమానమైన ముఖం ఉంటుంది. మిగతా పదీ రాంబస్‌లే, అంటే సమాంతర చతుర్భుజాలే. నిర్వచనంలో ప్రతి మాటా సరిపోయింది, కానీ దాన్ని పట్టకం అని ఎవరూ అనరు. కోసి చూస్తే మధ్యలో లావు, చివర్ల సన్నం. అందుకే నిర్వచనానికి ఇంకొక్క మాట చేర్చాలి: పక్కనున్న ప్రతి సమాంతర చతుర్భుజం ఒక భూమి భుజం నుంచి రెండో భూమిలో దానికి సరిజోడైన భుజం దాకా సాగాలి. ఇంకో రకంగా అంటే, పక్క అంచులన్నీ ఒకదానికొకటి సమాంతరంగా, ఒకే పొడవుతో ఉండాలి. టెంటుకి ఆ అంచులు మూడు: కింద రెండు, పైన కొప్పు ఒకటి. మూడూ ఒకే పొడవు. నాలుగు వాలుల ఇంటికి కొప్పు పొట్టిది. అక్కడ దొరికిపోతుంది.

పాపాయి వాళ్లమ్మ:

మీ అందరికీ చాలా థ్యాంక్స్. సబ్బు కోశాం, శనగలు గుచ్చాం. టెంటుని నిలబెట్టగానే "అయ్యో, ఇది పట్టకమేనమ్మా" అని అదే అంది. ఇప్పుడు ఇంట్లో కనిపించినవన్నీ కోసేస్తానంటోంది. చెక్కని పెన్సిల్‌ని షడ్భుజ పట్టకం అంది. చెక్కితే మొనని పిరమిడ్ అనాలా శంకువు అనాలా అని నాన్నతో వాదన పెట్టుకుంది. చెక్కిన మొన గుండ్రంగా ఉంది కాబట్టి శంకువే అని తేల్చారు.

కొత్త ప్రశ్నలు రెండు. ఒకటి, పిరమిడ్ ఘనపరిమాణంలో ఆ మూడింట ఒక వంతు ఎక్కడి నుంచి వచ్చింది? త్రిభుజానికి సగం కదా, దీనికి కూడా సగం ఎందుకు కాదు? రెండు, ఈజిప్టులో పిరమిడ్లని పిలిచేవన్నీ ఈ లెక్కన పిరమిడ్లేనా?

బీఎస్సీ కుర్రాడు:

సగం ఎందుకు కాదు అన్న ప్రశ్న చాలా పెద్దవాళ్లకే వచ్చింది అక్కా. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో త్రిభుజ పిరమిడ్‌ని "షడశ్రి" అన్నారు, ఆరు అంచులది అని. దాని ఘనపరిమాణం అడుగు వైశాల్యాన్ని ఎత్తుతో గుణించి సగం చేయమని ఉంది. త్రిభుజం వైశాల్యం చెప్పిన శ్లోకంలోనే ఇదీ ఉంది, మీ పాప ఆలోచన సాగిన దారే అది. 628లో బ్రహ్మగుప్తుడు సరైన లెక్క ఇచ్చాడు. ఒకే కొలతతో లోతుకి దిగే గొయ్యికి వైశాల్యం ఇంటూ లోతు, సూదిలా మొనదేలేదానికి అందులో మూడో వంతు. పట్టకం, పిరమిడ్ పక్కపక్కనే పెట్టి ఒకే సూత్రంలో చెప్పేశాడు.

ఈజిప్టు గురించి. గీజాలోని ఖుఫు పిరమిడ్ గణితం ప్రకారం కూడా పిరమిడ్డే: అడుగు చతురస్రం, నాలుగు త్రిభుజాలు. సక్కారాలో జోసెర్ రాజుది ఆరు మెట్లుగా ఉంటుంది, అది పిరమిడ్ కాదు. దహ్షూర్‌లో ఖుఫు తండ్రి స్నెఫ్రు కట్టించినది ఒకటుంది. కింది భాగం సుమారు 54 డిగ్రీల వాలుతో లేచి, మధ్యలో 43 డిగ్రీలకి వంగిపోతుంది. పక్కన నాలుగు ముఖాలు ఉండాల్సిన చోట ఎనిమిది ఉన్నాయి. కింద మొండెం, దాని మీద కూర్చోబెట్టిన పిరమిడ్ అన్నమాట. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం ముందు 1989లో జనానికి తెరిచిన గాజుది మాత్రం చక్కటి చతురస్ర పిరమిడ్.

లెక్కల టీచరమ్మ:

మూడో వంతుని కళ్లతో చూడటానికి అట్టముక్కలు చాలు. 6 సెం.మీ. భుజం ఉన్న చతురస్రం గీయండి. దాని నాలుగు మూలల్లో ఒకదాన్ని ఎంచుకుని చుక్క పెట్టండి. ఆ మూలలో కలిసే రెండు భుజాల మీద బయటివైపు ఒక్కో లంబకోణ త్రిభుజం గీయాలి. లంబకోణం చుక్క పెట్టిన మూల దగ్గరే ఉండాలి, లంబకోణానికి అటూఇటూ ఉన్న భుజాలు రెండూ 6 సెం.మీ. మిగతా రెండు భుజాల మీద కూడా లంబకోణ త్రిభుజాలే, వాటిలో ఒక భుజం 6, నిటారు భుజం 8.5 సెం.మీ. వీటి లంబకోణం చుక్కకి ఎదురుమూలన రాకూడదు, భుజానికి రెండో కొసన రావాలి. అంటుకోవడానికి కాస్త అంచు వదిలి కత్తిరించి మడిస్తే, ఒరిగిన చతురస్ర పిరమిడ్ ఒకటి వస్తుంది. దాని కొన అడుగు మధ్యలోకి కాకుండా చుక్క పెట్టిన మూలకి సరిగ్గా నిటారుగా పైన ఉంటుంది. ఇది కూడా పిరమిడ్డే, కొన మధ్యలోనే ఉండాలని నియమం లేదు.

అలాంటివి మూడు చేయండి. మూడు కొనలూ ఒక్క చోట చేరేలా పెడితే 6 సెం.మీ. ఘనం తయారవుతుంది, సందు ఉండదు. మూడూ ఒకే అచ్చు. ఘనం ఒక పట్టకం. దాని భూమి, దాని ఎత్తు ఉన్న పిరమిడ్‌లు మూడు పట్టాయి. 216లో మూడో వంతు 72 ఘనపు సెం.మీ. ఒక్కొక్కటి. మూడూ ఎలా అమరతాయో మీరు చెప్పకండి, పాపనే తిప్పి తిప్పి చూడనివ్వండి. కాస్త సేపు పడుతుంది, కానీ ఆ మూడోది లోపలికి జారి సర్దుకున్నప్పుడు పిల్ల మొహం చూడాలి. త్రిభుజంలో రెండు ముక్కలు సరిపోతే ఇక్కడ మూడు ఎందుకంటే ఇక్కడ కొలతలు మూడు కాబట్టి. ఏ త్రిభుజ పట్టకమైనా సమాన ఘనపరిమాణం గల మూడు త్రిభుజ పిరమిడ్‌లుగా తెగుతుందని యూక్లిడ్ పన్నెండో భాగంలో నిరూపించాడు.

లెక్కలు చేసేటప్పుడు ఎత్తు దగ్గర జాగ్రత్త. పట్టకం నిటారుగా ఉంటే పక్క అంచే ఎత్తు. పిరమిడ్‌లో మూడు పొడవులు పోటీ పడతాయి. ఖుఫు పిరమిడ్‌నే తీసుకోండి. అడుగు భుజం సుమారు 230.3 మీటర్లు, కట్టినప్పటి ఎత్తు సుమారు 146.6. ముఖం మధ్యలో పైకి పాకితే ఆ ఏటవాలు ఎత్తు 186.4 వస్తుంది. మూల అంచు వెంట ఎక్కితే 219. ఘనపరిమాణానికి 146.6 వాడాలి, త్రిభుజాల వైశాల్యానికి 186.4. పరీక్షలో పిల్లలు ఈ రెండూ తారుమారు చేస్తారు. సరిగ్గా వాడితే ఘనపరిమాణం దాదాపు 26 లక్షల ఘనపు మీటర్లు. అదే అడుగుతో అదే ఎత్తుకి పట్టకంలా నిటారుగా కట్టి ఉంటే దాదాపు 78 లక్షల ఘనపు మీటర్ల రాయి కావాల్సి వచ్చేది.

కోయడం మొదలుపెట్టింది కదా, దానికో పని ఇవ్వండి. పన్నీర్‌ని ఘనంలా కోసి, ఒక మూల దగ్గర కలిసే మూడు అంచుల మధ్యబిందువుల మీదుగా కత్తి దించి ఆ మూల తీసేయమనండి. మిగిలిన పెద్ద ముక్కకి ముఖాలు 7, శీర్షాలు 10, అంచులు 15 వస్తాయి. పంచభుజ పట్టకానికీ సరిగ్గా అవే లెక్కలు. మరి అది పంచభుజ పట్టకమేనా? కారణం రాయమనండి.

పాపాయి వాళ్లమ్మ:

పాప రాసిన జవాబు ఉన్నదున్నట్టు పెడుతున్నాను, చూడండి టీచరుగారూ:

"కాదు. పంచభుజాలు మూడున్నాయి, రెండు కాదు. ఆ మూడింటిలో ఏ రెండూ ఎదురెదురుగా లేవు, పక్కపక్కనే ఆనుకుని ఉన్నాయి, సమాంతరంగా లేవు. ఒక త్రిభుజం కూడా ఉంది. పంచభుజ పట్టకానికి త్రిభుజం ఉండదు. కోసేసిన చిన్న ముక్కకి 4 ముఖాలు, 4 శీర్షాలు, 6 అంచులు. కోసి చూస్తే ఒక చుక్క దాకా తగ్గుతోంది. అది త్రిభుజ పిరమిడ్."

లెక్కల టీచరమ్మ:

పూర్తి మార్కులు. ఆ చిన్న ముక్క ఘనపరిమాణం మొత్తం ఘనంలో ఎన్నో వంతో కూడా కనుక్కోమనండి. మూడో వంతు సూత్రం చేతిలోనే ఉందిగా. 48లో ఒక వంతు రావాలి.